మా శాఖలో హంతకుల కాలం

లైబ్రేరియన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతారు. ఎవరికి ఏ నవల ఇవ్వాలో మీకు ఎలా తెలిసేదండీ అని. నిజం చెప్పాలంటే తెలిసేది కాదు. తెలిసినట్టు ఉండేదాన్ని. మనిషి గుమ్మం ఎక్కడం ఆలస్యం, కుర్చీలోంచి లేచి చేతిలో ఏదో ఒకటి పెట్టేసేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురు లేదు. అత్తిలిలో మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. ఆయన పక్కన పీట మీద కూర్చోబెడితే సంకల్పం పూర్తయ్యేలోగా వీధిలో ఉండేదాన్ని.

ఆ కుదురులేనితనంతో ఒక ఊళ్ళో నేను చేసిన నిర్వాకం చెబుతాను. లెంపలేసుకోవడానికి కాదు. రేపు మీరూ ఇదే పని చేస్తారు, నాకంటే హుషారుగా చేస్తారు. చేసేముందు ఒక్క క్షణం ఆగుతారేమోనని ఆశ.

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నన్ను ఏలూరు నుంచి కలిదిండి అవతల ఒక ఊరి శాఖకి వేశారు. రోజూ బస్సు. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద కరెంటు స్తంభాలు, ఎటు చూసినా నీళ్ళే. అటువైపు చూసీ చూసీ విసుగొచ్చి బస్సులో నవలలు చదివేదాన్ని. మంచి థ్రిల్లరైతే కైకలూరు వచ్చేసరికి సగం అయిపోయేది.

శాఖ అంటే రెండు గదులు, నాలుగు అలమరలు, పేపర్లు చదువుకునే పొడుగుబల్ల. నాకు ముందున్నాయన కొత్త పుస్తకాలు మాసిపోతాయని అలమరలో పెట్టి తాళం వేసేవాడట. నేను చేరిన రోజే వాటిని తీసి పేపర్ల బల్ల మీద పరిచాను. పేపరు కోసం వచ్చినవాళ్ళకి ఏదో ఒక నవల మొదలు చెప్పేదాన్ని. శవం కనబడేదాకా చెప్పి ఆపేదాన్ని. తర్వాతేమైందండీ అంటే, తర్వాతది ఇంటికి తీసుకెళ్ళి చదువుకోండి అనేదాన్ని. ఇంతకు మించి నా దగ్గర విద్యేమీ లేదు.

పాఠకుల్లో ముగ్గురి గురించి చెప్పాలి. ఒకాయన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఫ్యాను కింద కుర్చీ ఆయనది. పేపరు చదివి మడిచి, ఆ రోజు విషయం మీద ఆయన ఒక మాట అంటే ఊళ్ళో అదే తీర్పు. రెండో ఆవిడ రొయ్యల షెడ్డులో పనిచేసేది. షెడ్డులో ఆడవాళ్ళంతా పీటలు వేసుకుని రొయ్యలు ఒలుస్తుంటే, తను చదివిన నవల రోజుకి కొంత చొప్పున చెప్పేది. ఆవిడకి ఒక పుస్తకం ఇస్తే షెడ్డు మొత్తానికి ఇచ్చినట్టే. మూడో ఆవిడ తాడేపల్లిగూడెం నుంచి కోడలుగా వచ్చింది, అందుకని అందరూ గూడెం ఆవిడ అనేవారు. డిగ్రీ చదువుకుంది. నేను ఎంత గొప్పగా చెప్పినా తలూపి, చివరికి తనకి కావలసిందే వెతుక్కుని తీసుకెళ్ళేది. అలాంటి పాఠకులంటే నాకు కొంచెం భయం, చాలా ఇష్టం.

గూడెం ఆవిడ భర్త, ఆయన చిన్ననాటి స్నేహితుడు కలిసి ఒక చెరువు లీజుకి తీసుకుని చేపలు పెంచేవారు. ఒకసారి చేపల పట్టుబడి రోజున, తూకం వేసే కాటా దగ్గర ఇద్దరూ అరుచుకున్నారు. దూరంగా గట్టు మీదున్న జనం చేతులు విసురుకోవడం చూశారు, గొంతులు విన్నారు, మాటలు వినలేదు. మర్నాడు తెల్లవారేసరికి ఆ స్నేహితుడు మోటారు బిగించిన సిమెంటు దిమ్మ పక్కన నీళ్ళలో తేలాడు. పోలీసులు వచ్చారు, పోస్టుమార్టం అయింది. గట్టు మీద కాలు జారి, తల దిమ్మకి తగిలి పడిపోయాడని రాసుకుని వెళ్ళిపోయారు.

ఊరు అలా రాసుకోలేదు. హెడ్మాస్టరు గారు పేపరు మడిచి, ముందురోజు అందరూ చూశారు కదండీ, ఇంక వెతకాల్సిందేముంది అన్నారు. అంతే. గూడెం ఆవిడ భర్తకి టీకొట్టులో పలకరింపు పోయింది. వల లాగే కూలీలు ఆయన చెరువుకి రావడం మానేశారు. చేపలు ఎదిగిపోయి, మేత తింటూ, పట్టే దిక్కు లేక ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం గూడెం ఆవిడ వచ్చి తన దగ్గరున్న పుస్తకాలు, వాటి మీద లైబ్రరీ కార్డు నా బల్ల మీద పెట్టింది.

"ఈ కార్డు తీసేసుకోండి మేడమ్ గారూ. చెరువు ఎవరికైనా అప్పజెప్పి గూడెం వెళ్ళిపోదామనుకుంటున్నాం."

ఏమైందమ్మా అని అడిగాను, తెలిసి కూడా.

"నేను ఈ అలమర దగ్గరకొస్తే ఇక్కడున్నవాళ్ళు పక్క అలమరకి వెళ్ళిపోతున్నారండీ. దానికేం, అలవాటు చేసుకుంటాను. మా ఆయన్ని చూడలేకపోతున్నాను. చిన్నప్పటి స్నేహితుడు పోయాడని ఏడవడానికి కూడా వీల్లేదు ఆయనకి. ఏడిస్తే నటిస్తున్నాడంటారు."

నాకు ఒళ్ళు మండింది. పట్టుబడి అయ్యేదాకా ఆగమ్మా, ఆ తర్వాత నీ ఇష్టం అని కార్డు తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాను. ఎందుకు ఆగమన్నానో అప్పటికి నాకే తెలియదు.

సాయంత్రం బస్సులో తెలిసింది. ఒళ్ళో ఉన్న కొత్త నవలలో మొదట్లోనే ఒక డ్రైవర్ని పట్టుకుంటారు. సెల్‌ఫోన్ లొకేషను అక్కడే చూపిస్తుంది, అంతకుముందు యజమానితో గొడవ, ఊరంతా వాడే అంటుంది. చివరికి వాడు కాదు. పుస్తకం మూసి కిటికీలోంచి చూశాను. ఈ పుస్తకం హెడ్మాస్టరు గారి చేతిలో పడితే ఎలా ఉంటుంది అనుకున్నాను. ఇంక బస్సులో కూర్చోలేకపోయాను. ఏలూరు ఇంకా రాకుండానే లేచి డోరు దగ్గర నిలబడ్డాను.

ఆ మర్నాటి నుంచి మొదలెట్టాను. పుస్తకాల కట్టలు పంపే ఏలూరు ఆఫీసుకి వెళ్ళి, ఈమధ్య వచ్చిన మిస్టరీలన్నీ మా శాఖకే కావాలని కూర్చున్నాను. అక్కడి సహోద్యోగి ఒకాయన నవ్వి, ఏవండీ, మీ ఊరందరినీ పోలీసు ట్రైనింగుకి పంపుతున్నారా అన్నారు. ప్రతి నవలలోనూ నేను చూసేది ఒక్కటే. మొదట అందరూ వేలు చూపించినవాడు చివరికి నిర్దోషి అవ్వాలి. అలాంటివైతేనే బల్ల మీదకి. లిఫ్టులో చచ్చిపోయిన బిల్డరు, కార్తీకమాసం వనభోజనాల్లో విషం తిన్న తహసీల్దారు, రిసార్టు నుంచి మాయమైన పెళ్ళికొడుకు, ఇలా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మా ఊరొచ్చారు.

హెడ్మాస్టరు గారు మొదటి నవలలో డ్రైవరే అన్నారు. తప్పింది. రచయితకి తెలివి లేదన్నారు. రెండోదాంట్లో వంటవాడన్నారు. అదీ తప్పింది. పట్టుదల వచ్చి మూడోది తీసుకెళ్ళారు. అటు షెడ్డులో రొయ్యల ఆవిడ తహసీల్దారు కథ చెబుతుంటే, వంటవాణ్ణి వదిలెయ్యండే, వాడు కాదు అని ఆడవాళ్ళే అరుస్తున్నారని విన్నాను.

కొన్ని నవలలు తిరిగాక ఒకరోజు హెడ్మాస్టరు గారు పేపరు మడిచారు. నేను అలమర వెనక పుస్తకాలు సర్దుతున్నాను.

"కాటా దగ్గర అందరి ముందూ పోట్లాడి, మర్నాడే చంపుతాడాండీ ఎవడైనా? అంత తెలివితక్కువవాడు ఉండడు. రచయిత మనల్ని పక్కదారి పట్టించడానికే ఆ పోట్లాట పెడతాడు."

అలమర వెనక నాకు కాళ్ళు నిలవలేదు. గెలిచాననుకున్నాను. రచయిత అని ఆయన అనడం చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. మన ఊరి చెరువుకి రచయిత ఎవరు మాస్టారూ అని అప్పుడే అడిగి ఉండాల్సింది.

టీకొట్టులో గూడెం ఆవిడ భర్తని మళ్ళీ పలకరించారు. వల లాగే కూలీలు వచ్చారు, పట్టుబడి జరిగింది. గూడెం ఆవిడ మళ్ళీ అలమర దగ్గర నిలబడింది, ఎవరూ పక్కకి వెళ్ళలేదు. మా శాఖలో పుస్తకాలు బాగా కదులుతున్నాయని పైఆఫీసరు ఏలూరు మీటింగులో అందరిముందూ మెచ్చుకున్నారు. ఏం చేస్తున్నారు మేడమ్ అంటే, పరిచయం చేస్తున్నానండీ అన్నాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు, అంత సంబరంగా ఉంది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకరోజు రొయ్యల షెడ్డు ఆవిడ వచ్చి, బల్ల మీదవన్నీ తిరగేసి, పెళ్ళాం చేసింది ఇంకోటుందా మేడమ్ గారూ అని అడిగింది. తహసీల్దారు కథలో హత్య చేసింది భార్యే. అలాంటిదే ఎందుకమ్మా అన్నాను నవ్వుతూ.

"ఆయ్, మీరిచ్చినవన్నీ చూశాం గదండీ. ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళే చేస్తారు. అందరికంటే ఎక్కువ ఏడ్చినోళ్ళే చేస్తారు. మనూళ్ళో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఎవరండీ?"

చెరువులో పోయినాయన భార్య. దినాలు అయిపోయిన కొన్నాళ్ళకి ఆవిడ కూడా ఆ షెడ్డులోనే పనికి చేరింది. ఇప్పుడు ఆవిడ పీట వేసుకుంటే చుట్టూ పీటలు జరుగుతున్నాయట. తెల్లారకముందు మొగుడు చెరువుకెళ్తే వెనకాల ఎందుకు వెళ్ళలేదు, కేరేజీలో ఏం పెట్టింది, ఇలాంటి ప్రశ్నలు. అత్తగారి చెవిదాకా వెళ్ళింది. చిన్నపిల్లైన కూతుర్ని అత్తగారు తల్లి పక్కన పడుకోనివ్వడం లేదట. పాపని నా దగ్గరే ఉంచుకుంటాను, నువ్వు మీ పుట్టింటికి పో అంటోందట.

"అవి కథలమ్మా. ఎవరో కూర్చుని కల్పించినవి" అన్నాను.

"కథలే గదండీ. వాటివల్లే గదా ఆయన చెయ్యలేదని మాకు తెలిసింది."

దానికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. బస్సులో పుస్తకం తెరిస్తే మొదటి పేజీ దాటేది కాదు. మిస్టరీలన్నీ బల్ల మీద నుంచి తీసి, అలమరలో పెట్టి తాళం వేశాను. నాకు ముందున్నాయన్ని ఎంత తిట్టుకున్నానో అదే పని నేను చేశాను. వాటి బదులు మామూలు నవలలు పెట్టాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళు టైలరింగ్ షాపు పెట్టుకునే కథ, చెవుడు వచ్చిన సంగీతం మాస్టారి కథ, ఎవరినీ ఎవరూ చంపని కథలు. హెడ్మాస్టరు గారు ఒకటి తీసుకెళ్ళి వెంటనే తెచ్చిచ్చేశారు. ఇందులో ఏమీ జరగలేదండీ అన్నారు. ఉండబట్టలేక ఆయన్నే అడిగాను, మాస్టారూ, ఆ అమ్మాయి విషయంలో మీరొక మాట అంటే ఆగుతుంది కదా అని. నేనెవరినీ ఏమీ అనలేదండీ, ఆలోచిస్తున్నానంతే అన్నారు. ఆలోచించడం నేర్పింది నేనే కదా.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చింది. బల్ల చుట్టూ జనం నిండుగా ఉన్నారు. హెడ్మాస్టరు గారు ఫ్యాను కింద, రొయ్యల షెడ్డు ఆవిడ కొత్తవాటి దగ్గర, గూడెం ఆవిడ వెనక అలమర దగ్గర. పోయినాయన భార్య ఎప్పుడూ లైబ్రరీ గుమ్మం ఎక్కిన మనిషి కాదు. షెడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర అంచు తడిగా ఉంది. ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పేపర్లు దించారు.

"పుస్తకాలిచ్చేది మీరేనాండీ?"

అవునమ్మా, కూర్చో అన్నాను. కూర్చోలేదు.

"పెళ్ళామే చేసిందని రాసిన పుస్తకం మీ దగ్గరుందంటండీ. అది ఇవ్వండి. నాకు గబగబా రాదు, కూడబలుక్కుని చదువుకుంటాను. ఎందుకు చేశానో అందులో రాసుంటారు గదా. ఇంటికాడ మా అత్తగారు అడుగుతోంది. ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు."

వెటకారం కాదు. ఆవిడ మొహంలో వెటకారం లేదు. అత్తగారు అడిగినదానికి జవాబు చెబితే పాపని ఇచ్చేస్తారేమో, అందుకోసం చదువుకుందామని వచ్చింది. ఎప్పట్లాగే కుర్చీలోంచి లేవబోయాను.

వెనక నుంచి గూడెం ఆవిడ వచ్చింది. ఇద్దరి భర్తలూ ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళు, కానీ ఆయన పోయిన రోజు నుంచి ఈ ఇద్దరి మధ్యా మాట లేదు. గూడెం ఆవిడ భర్తని ఊరు అనుమానించినప్పుడు ఈ అమ్మాయి ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఊరు ఈ అమ్మాయి మీదకి తిరిగినప్పుడు గూడెం ఆవిడా చెప్పలేదు. ఇప్పుడు గూడెం ఆవిడ ఒక కుర్చీ లాగి ఆ అమ్మాయి పక్కన పెట్టింది.

"అవన్నీ నేను చదివానక్కా. వాటిల్లో నువ్వు లేవు. మా ఆయనా లేడు. మీ ఆయనైతే అసలే లేడు. పోయినవాడు మొదట్లోనే పోతాడు. ఆ తర్వాత వాడెలాంటివాడో ఎవరికీ అక్కర్లేదు."

ఆ అమ్మాయి కుర్చీ వైపు చూసింది, కూర్చోలేదు. "ఇక్కడా అంతే గదా. ఎలా పోయాడని అందరూ అడిగారు. ఎలా ఉండేవాడని ఒక్కళ్ళు అడగలేదు" అంది.

మూడున్నర దశాబ్దాల ఉద్యోగంలో ఎన్నో నవలలు ఎందరికో చెప్పాను. ఆ రోజు మొదటిసారి నా కుర్చీలో నేను పూర్తిగా వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

"ఎలా ఉండేవాడమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కుర్చీ అంచు మీద కూర్చుంది. చెప్పడం మొదలెట్టాక ఆగలేదు. తమ చెరువు చేప ఇంట్లో వండితే తినేవాడు కాదట, రోజూ మేత వేసిన చేత్తో ఎలా తింటామే అనేవాడట. పక్క చెరువుదైతే లొట్టలేసుకుని తినేవాడట. బస్సెక్కితే కండక్టరుకి కూడా తన కూతురి ఫోటో ఫోన్లో చూపించేవాడట. చూపు బాగా మందగించిందట. వెలుతురు తక్కువైతే మనిషిని గొంతు బట్టి పోల్చుకునేవాడట. ఏలూరు తీసుకెళ్ళి కళ్ళజోడు చేయిస్తే, స్నేహితులు ఆటపట్టిస్తారని సిగ్గుపడి బీరువాలో దాచేశాడట.

గూడెం ఆవిడ అప్పుడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు కాటా దగ్గర గొడవ కూడా దానికేనక్కా అంది. కాటా మీద అంకెలు తప్పు చదివాడని, కళ్ళజోడు పెట్టుకుంటేనే చెరువు మీదకి రా, లేకపోతే రావద్దని మా ఆయన అరిచాడు, చీకట్లో గట్టు మీద ఎక్కడ పడిపోతావోనని అరిచాడు. పోలీసులకి ఆ సంగతి చెప్పాడు. ఊళ్ళో ఎవరూ అడగలేదు, చెబితే తప్పించుకోడానికి అంటారని ఊరుకున్నాడు.

పోయినాయన భార్య ఆ మాట మొదటిసారి వింటోంది. నేనూ చెప్పాను, నా మాటా వినలేదు అని భోరుమంది. గూడెం ఆవిడా ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

హెడ్మాస్టరు గారు లేచారు. ఏదో అనబోయి, అనకుండా, ఆ రోజు పుస్తకమేదీ తీసుకోకుండా వెళ్ళిపోయారు. పేపరు బల్ల మీద మడవకుండా అలాగే ఉండిపోయింది.

పోయినాయన నిజంగా కాలు జారే పడ్డాడా అంటే నాకు తెలియదు. నేను చూడలేదు, ఊరూ చూడలేదు. ఊరంతా ఒక్క రోజులో మారిపోయిందనీ చెప్పను. అత్తగారు మెత్తబడడానికి సమయం పట్టింది. గూడెం ఆవిడ, ఆవిడ భర్త కలిసి ఆ ఇంటికి వెళ్ళారట. అక్కడ ఆయన ముసలావిడ పక్కన కూర్చుని స్నేహితుడి కోసం మొదటిసారి గట్టిగా ఏడ్చాడట. ఆ తర్వాతే పాప మళ్ళీ తల్లి పక్కన పడుకుంటోందని విన్నాను. గూడెం వెళ్ళిపోయే మాట వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

నేను మిస్టరీలకి వేసిన తాళం తీసేశాను. మంచి పుస్తకాలవి, వాటి తప్పేముంది. ఇప్పటికీ ఎవరైనా కొత్త మర్డర్ మిస్టరీ చెప్పండి అంటే హుషారుగానే చెబుతాను. కాకపోతే శవం దగ్గర ఆపి, పోయినాయన ఎలాంటివాడో కొంచెం చెప్పాలని చూస్తాను. చాలా నవలల్లో చెప్పడానికి ఏమీ ఉండదు. అప్పుడు మళ్ళీ నాకు కుదురు తప్పుతుంది, లేచి ఇంకో పుస్తకం వెతుకుతాను.

ఆ శనివారం తర్వాత వచ్చిన సోమవారం షెడ్డులో జరిగింది పోయినాయన భార్య స్వయంగా వచ్చి నాకు చెప్పింది. పొద్దున ఆవిడ ఎప్పట్లాగే ఓ మూల పీట వేసుకుందట. కథలు చెప్పే ఆవిడ తన పీట తెచ్చి, ఈ అమ్మాయి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా వేసుకుందట. కాసేపటికి ఆడవాళ్ళు అలవాటుగా కథ చెప్పమని అడిగారట.

"ఇవాళ నేను వింటానే" అందట కథలు చెప్పే ఆవిడ, రొయ్యల బుట్ట ముందుకి లాక్కుంటూ. "ఈవిడ చెబుతుంది."